గడియకుడుకలో చిల్లు

ఒకానొక రాజ్యంలో కాలం రాగి కుడుకలో మునిగి లేచేది. ఆ రాజ్యం పేరు శిలాపురి. కోట ముంగిట, కొలువుకూటానికి ఎదురుగా నాలుగు స్తంభాల మంటపం ఉండేది. మంటపంలో నీళ్ళు నింపిన ఇత్తడి గంగాళం, ఆ నీళ్ళ మీద తేలే రాగి గడియకుడుక. కుడుక అడుగున ఆవగింజ కన్నా సన్నని చిల్లు. ఆ చిల్లులోంచి నీరు ఎక్కి కుడుక మునిగితే ఒక గడియ గడిచినట్టు. మునిగిన ఆ క్షణానే, ఎన్నో గడియ అయితే అన్ని దెబ్బలు, కొయ్యసుత్తితో జేగంట మీద కొట్టేవారు.

పొద్దుపొడుపు నుంచి పొద్దుగుంకు దాకా ముప్పై గడియలు. శివాలయంలో అభిషేకానికీ, పెరుమాళ్ళ ఆరగింపుకూ, జైన బసదిలో పూజకూ, అమ్మవారి గుడిలో హారతికీ అదే గంట. రాజుగారి భోజనానికి కూడా అదే గంట.

మూడు తరాల కిందట ఈ గంట వల్ల పెద్ద గొడవ జరిగింది. అప్పటి గడియకాపరి తన మతం వాళ్ళ ఉత్సవానికి ముహూర్తం అందాలని కుడుక చిల్లుకు మైనం పూశాడు. నీరు మెల్లగా ఎక్కింది, గడియ సాగింది, ఎదుటి మతం వాళ్ళ ముహూర్తం తప్పింది. ఊరు రెండుగా చీలి తలలు పగిలాయి. ఆనాటి రాజు ఆ కాపరిని పొలిమేర దాటించి, మంటపం స్తంభం మీద ఒక శాసనం చెక్కించాడు: "ఈ సుత్తి పట్టే చేయి ఏ మతానిదీ కారాదు."

అప్పటి నుంచి గడియకాపరిగా వచ్చినవాడల్లా నుదుటి బొట్టు తుడుచుకుని, తన మతాన్ని గడప అవతల వదిలి మంటపం ఎక్కేవాడు. ఇప్పటి కాపరి గుండనకు మాత్రం తుడుచుకోవడానికి ఏమీ లేకపోయింది. అతడు దేవుణ్ని నమ్మడు. అడిగినవారి దగ్గర దాచలేదు, అడగనివారికి చెప్పలేదు. నాలుగు మతాల పెద్దలకూ ఆ సంగతి తెలుసు. బసది పెద్ద జినదాసు ఒకనాడు నవ్వుతూ అన్నాడు కూడా: "మా దేవుడి మీద నీకు ప్రేమ లేదు, సరే. పక్కవాడి దేవుడి మీదా లేదు కదా! మాకది చాలునయ్యా."

గుండన భార్య చందమ. ఆమెదీ అదే మనసు. తెల్లవారకముందే గడియకుడుకను చింతపండుతో తోమి, చిల్లులో వెంట్రుకంత మకిలి కూడా లేకుండా పుల్లతో చూసి భర్త చేతికిచ్చేది. ఇచ్చేటప్పుడు రోజూ ఒకటే పరిహాసం: "ఏమయ్యా, కుడుక బరువు ఇరవై తులాలన్నావు. అందులో చిల్లు బరువెంత?" గుండన ఏనాడూ జవాబు చెప్పలేకపోయాడు. ఆమె ఏనాడూ అడగడం మానలేదు.

చలికాలం చివర జ్వరం తగిలి చందమ కన్నుమూసింది. మంత్రం వద్దు, తంతు వద్దు, ఊరి నేలలో ఇంత చోటు చాలునని పోయేముందు చెప్పింది. శిలాపురిలో నాలుగు దిక్కులా నాలుగు వల్లకాళ్ళు, నాలుగు మతాలవి. నాలుగింటి కాపరులూ గుండనను ఒకే మాట అడిగారు: "ఏ మతం?" గుండన అబద్ధం చెప్పలేదు. నాలుగు గుమ్మాలూ మూసుకున్నాయి.

అతడు రాజుకు మొర పెట్టుకున్నాడు. రాజు విక్రాంతరాయలు ధర్మాధికారి అనంతభట్టు వైపు చూశాడు. అనంతభట్టు గొప్ప పండితుడు, ఆ సంగతి అందరికన్నా ముందు ఆయనకే తెలుసు. గొంతు సవరించుకుని తీర్పు చెప్పాడు: "మతమంటే దేవుడుండాలి, గ్రంథముండాలి, గురువుండాలి. నాస్తికానికి మూడూ లేవు. కనుక అది మతం కాదు. వల్లకాడు మతానికిచ్చిన నేల. మతం కానిదానికి నేల లేదు."

ఆ తీర్పు తాటాకు మీదికెక్కింది. రాజముద్ర పడింది. గుండన ఆ ఆకు మడిచి మొలలో దోపుకుని, పొలిమేర అవతల నక్కలవాగు ఒడ్డున ఇసుకలో భార్యను పూడ్చి వచ్చాడు.

మూడు నెలలు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒకనాడు గుండన అక్క పేరక్క అన్నం మూకుడు తెచ్చి మంటపం మెట్టు మీద పెట్టి, చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె దినమూ అమ్మవారికి దీపం పెట్టే మనిషి.

"తమ్ముడూ, వాగు దాకా వెళ్ళొచ్చానురా. పోయినేడు వరద ఎక్కడి దాకా వచ్చిందో ఒడ్డు మీద గీత ఉంది. మన చందమ ఆ గీతకు లోపలే ఉంది."

గుండన కుడుక మీది నుంచి చూపు తిప్పలేదు.

"వింటున్నావా? ఇంకో నెలలో వానలు. మొదటి వరదకే..." ఆమె ముక్కు చీది, "దేవుడు లేడంటావులే గానీ, అన్నం ఉంది, తిను" అంది.

"వింటున్నానక్కా" అన్నాడు గుండన. చూపు కుడుక మీదే ఉంచి అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఇలా ఉండగా రాజుగారి పట్టాభిషేకం జరిగి పన్నెండేళ్ళు నిండిన పండుగ వచ్చింది. తొమ్మిదో గంట మోగగానే కోట బురుజు మీద కొత్త పతాకం ఎత్తాలని ముహూర్తం పెట్టింది అనంతభట్టే. తాడు పట్టే భటుడికి గంటే ఆజ్ఞ.

విక్రాంతరాయలకు ఒక బలహీనత ఉంది. ఎక్కడ అడుగుపెట్టినా ముందు తన బిరుదులన్నీ చదవాలి. నలభై ఒక్క బిరుదులు. ఆనాటికి భట్టుగారు మరో మూడు చేర్చారు. వందిమాగధులు చదువుతున్నారు, రాజు బురుజు కింది మెట్టు మీద కళ్ళు అరమోడ్చి వింటున్నాడు. "శత్రుగజకుంభవిదారణ..." అనేసరికి కుడుక అంచు దాకా నీరు వచ్చింది. మంత్రి కంగారుగా మంటపం వైపు చేయి ఊపాడు, ఆగమని. గుండన మంత్రి చేతిని చూడలేదు. కుడుకను చూశాడు. కుడుక మునిగింది. తొమ్మిది దెబ్బలు పడ్డాయి.

రాజు ఇంకా కింది మెట్టు మీదే ఉన్నాడు, పతాకం పైకి లేచిపోయింది. జనంలో ఎవరో ముసలమ్మ, "జెండా ఎక్కేసిందే, రాజుగారింకా ఎక్కలేదూ?" అంది. నవ్వు అలలా పాకింది.

మరునాడు పదో గంట కొట్టాక, కొలువుకూటం నుంచి గుండనకు పిలుపు వచ్చింది. కుడుకను విడిచి రాకూడదు గనుక, మంటపంలో నిలబడే జవాబు చెప్పాలన్నారు. నాలుగు మతాల పెద్దలూ సభలో ఉన్నారు.

"గుండనా! మా కోసం ఒక్క క్షణం ఆగలేకపోయావా?" అని గర్జించాడు రాజు.

"ప్రభూ, నేను ఆగగలను. నీరు ఆగదు."

రాజు ముఖం ఎర్రబడింది. కానీ గంట సరిగ్గా కొట్టినందుకు శిక్షించే శాసనం ఏదీ లేదు. అప్పుడు అనంతభట్టు చిరునవ్వుతో లేచాడు.

"ప్రభూ, స్తంభం మీది శాసనం చిత్తగించండి. సుత్తి పట్టే చేయి ఏ మతానిదీ కారాదు. ఇతడో? నాస్తిక మతస్థుడు!"

సభ గుసగుసలాడింది.

"నాస్తికం మతమా?" అన్నాడు జినదాసు.

"నిస్సంశయంగా! శైవుడు శివుడున్నాడని గట్టిగా నమ్ముతాడు. ఇతడు ఎవడూ లేడని గట్టిగా నమ్ముతాడు. గట్టిగా నమ్మేది ఏదైనా మతమే. విభూతి పెట్టడం వారికి నియమం, ఏదీ పెట్టకపోవడం ఇతడికి నియమం. మతం లేదనడమే ఇతడి మతం! ఇక, భార్యాభర్తలిద్దరూ ఒకే మాట మీద నిలిచారు గనుక అదొక సంఘం. చివరికి ఆ ఇల్లాలు చావులో కూడా మంత్రం వద్దంది గనుక, అదొక కర్మకాండ!"

చందమ చావు ఆ నోట వినేసరికి గుండన సుత్తి మీద వేళ్ళు బిగించాడు. కుడుకలోకి సన్నగా ఎక్కుతున్న నీటి వైపు తిరిగాడు. ఆ నీటిని చూస్తుండగానే అతడికి దారి కనిపించింది.

"నీవేమంటావు?" అన్నాడు రాజు.

"భట్టుగారు పండితులు ప్రభూ. వారి మాట నాకు శిరోధార్యం. ఒక్కటే మనవి. నాస్తికం మతమేననీ, మతం లేనివాడిదీ మతమేననీ ఆకు మీద రాయించి, ముద్ర వేయించి నా చేతికి ఇప్పించండి. సుత్తి దించేస్తాను."

ఇంత సులభంగా లొంగుతాడని ఎవరూ అనుకోలేదు. భట్టుగారు స్వయంగా గంటం పట్టి రాశారు. ముద్ర పడింది. గుండన ఆకు అందుకుని కళ్ళకద్దుకున్నాడు. పదకొండో గంట కొట్టి, కుడుకను నీళ్ళలోంచి తీసి, తుడిచి, బోర్లించాడు. సుత్తిని దాని పక్కన పెట్టి మంటపం దిగి మెట్టు మీద కూర్చున్నాడు.

కోట ముంగిట తొలిసారిగా కాలం ఆగింది.

"మా మేనల్లుడు సిద్ధంగా ఉన్నాడు" అన్నాడు అనంతభట్టు. మేనల్లుడు ముందుకొచ్చి ఉత్తరీయంతో నుదుటి నామం తుడుచుకున్నాడు.

శైవపెద్ద లేచాడు. "ఆగవయ్యా! నిన్నటిదాకా బొట్టు తుడిచినవాడు మతం లేనివాడు. నేడు మతం లేనివాడిదీ మతమేనని భట్టుగారు రాసిచ్చారు. నామం తుడుచుకున్నాక నువ్వు ఏ మతం వాడివి?"

మేనల్లుడు తుడిచిన నుదురు తడుముకుంటూ వెనక్కి తగ్గాడు.

కోట వాకిట తిరిగే ఒక సన్న్యాసిని పట్టుకొచ్చారు. "స్వామీ, తమరు అన్నీ వదిలేశారు కదా!" అన్నాడు మంత్రి.

"అన్నీ వదిలేశాను నాయనా."

"మతం కూడానా?" అన్నాడు జినదాసు. "అయితే తమరిదీ గుండన మతమే."

"ఛీ! నోరు కడుక్కో! నేను దేవుణ్ని వదిలానని ఎవడన్నాడు?"

"అయితే తమరికీ ఒక మతం ఉంది. సుత్తి పట్టరాదు."

ఎండ నడినెత్తికి వచ్చింది. పదిహేనో గంట మోగితేగాని సభ లేవరాదని, పదిహేనో గంట మోగితేగాని రాజు భోజనానికి కూర్చోరాదని విక్రాంతరాయలే ఏనాడో ఆజ్ఞ ఇచ్చి ఉన్నాడు. ముంగిట మనుషుల నీడలు కాళ్ళ కిందికి వచ్చాయని సభలో ప్రతివాడికీ తెలుసు. కానీ గంట మోగలేదు. వంటశాలలో పళ్ళేల మీద మూతలు తీయకుండా వంటవాళ్ళు నిలబడి ఉన్నారు. ఊళ్ళో గుళ్ళ ముందు జనం చేతులు జోడించుకుని కోట వైపే చూస్తున్నారు.

అప్పుడు పేరక్క రోజూలాగే మూకుడు తెచ్చింది. మెట్టు మీద కూర్చున్న తమ్ముణ్ని చూసి, బోర్లించిన కుడుకను చూసి, ఏమీ అడగకుండా అన్నం కలిపి పెట్టింది. గోంగూర పప్పు వాసన గాలితో పాటు కొలువుకూటంలోకి వచ్చింది.

"గంట మోగకుండానే తింటున్నాడే!" అన్నాడు రాజు.

"నా భోజనం గంటకు కట్టుబడి లేదు ప్రభూ" అన్నాడు గుండన లేచి నిలబడి.

"కూర్చోరా. దేవుడు లేడులే గానీ, పప్పులో ఉప్పు ఉందో లేదో చెప్పు" అంది పేరక్క.

"సరిపోయిందక్కా."

రాజు గుటక వేశాడు. ఆ గుటక సభంతా విన్నది.

"గుండనా, చాలించు. వచ్చి గంట కొట్టు."

గుండన చేయి కడుక్కుని వచ్చి సభ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొలలోంచి రెండు తాటాకులు తీసి రెండు చేతులా పట్టుకున్నాడు.

"కొడతాను ప్రభూ. ఏ ఆకు ప్రకారం కొట్టమంటారు? ఈ కుడిచేతి ఆకు నాస్తికం మతమంటుంది. ఇది నిజమైతే నేను సుత్తి ముట్టరాదు. నేనే కాదు, ఈ రాజ్యంలో పుట్టిన ఎవడూ ముట్టరాదు. అయితే మతాలన్నిటికీ ఇచ్చినట్టే నా మతానికీ వల్లకాడు ఇవ్వాలి. ఈ ఎడమచేతి ఆకు నాస్తికం మతం కాదంటుంది. ఇది నిజమైతే గంట ఇప్పుడే కొడతాను. నా భార్య మాత్రం వాగు పాలవుతుంది. రెండింటి మీదా తమ ముద్రే ఉంది."

అనంతభట్టు చటుక్కున అందుకున్నాడు. "ఇందులో చిక్కేముంది? నేల విషయంలో అది మతం కాదు. సుత్తి విషయంలో మతమే. విషయాన్ని బట్టి ధర్మం!"

గుండన ఆయన వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు.

"భట్టుగారూ, అవసరాన్ని బట్టి కుడుక చిల్లును సన్నం చేసేవాణ్ని ఈ రాజ్యంలో ఏమంటారో తమకు తెలుసు. మూడు తరాల కిందట అలాంటివాణ్ని పొలిమేర దాటించారు. వాడు మైనం పూశాడు. తమరు మాట పూశారు."

ముందు శైవపెద్ద పకపకా నవ్వాడు. వెంటనే సభంతా నవ్వింది. రాజు కూడా నవ్వబోయి, గుండన ముఖం చూసి ఆగిపోయాడు. ఆ ముఖంలో నవ్వు లేదు.

"ఆకులు అలా ఉంచు" అన్నాడు రాజు, మెల్లగా. "నువ్వు చెప్పు. నీది మతమా, కాదా?"

"నన్నడిగితే కాదు ప్రభూ. నా భార్య రోజూ కుడుక తోమి ఇస్తూ, ఇందులో చిల్లు బరువెంత అని అడిగేది. ఇన్నేళ్ళూ జవాబు తోచలేదు. ఇవాళ తోచింది. చిల్లుకు బరువు లేదు. ఎంత పండితుడు వాదించినా చిల్లు రాగి కాదు. కానీ చిల్లు రాగి కాదని దాన్ని కుడుకలోంచి వెళ్ళగొడదామంటే మిగిలేది కుడుక కాదు, గిన్నె. నన్ను మతమని పిలవకండి. కానీ నాకూ కుడుకలో చోటుంది."

"చోటు సరే. వల్లకాళ్ళు మతాలకిచ్చిన నేల కదా!"

"ఇచ్చింది మతాలకే ప్రభూ. కానీ ఆ నాలుగు నేలల్లో ఎక్కడ తవ్వి చూసినా మతం ఒక్కటీ పడుకుని లేదు. మనుషులే పడుకుని ఉన్నారు."

జినదాసు తల వంచుకున్నాడు. చందమ పోయిననాడు మూసిన గుమ్మాల్లో అతడి గుమ్మం కూడా ఒకటి.

విక్రాంతరాయలు సింహాసనం దిగి వచ్చాడు. గుండన చేతుల్లోంచి రెండు ఆకులూ తీసుకుని, రెండింటినీ కలిపి తుంచేశాడు.

"కోటకు తూర్పున మిట్ట ఉంది. అక్కడికి ఏ వాగూ ఎక్కదు. ఈనాటి నుంచి అది వల్లకాడు. ఏ మతమని అడిగే కాపరి అక్కడ ఉండడు. చాలునా?"

గుండన చేతులు జోడించాడు.

"అది నీకివ్వవలసినదే గనుక ఇచ్చాము. బహుమానం వేరే ఉంది. కోరుకో."

గుండన కళ్ళు తుడుచుకుని ఒక్క క్షణం ఆలోచించాడు.

"ప్రభూ, తమ బిరుదావళి ఎంత పెద్దదైనా ఒక్క కుడుక మునిగేలోగా ముగియాలని ఒక శాసనం ఇప్పించండి. తమరెప్పుడూ జెండా కన్నా ముందే పైన ఉండాలని ఈ సేవకుడి కోరిక."

రాజు గుండన వైపు చూశాడు, బురుజు మీది పతాకం వైపు చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మెడలోని ముత్యాల దండ తీసి గుండన మెడలో వేశాడు. "ముందు ఆ గంట కొట్టవయ్యా, మహానుభావా! నీ అక్క పప్పు వాసనకు మా నలభై నాలుగు బిరుదులూ అరిగిపోయాయి!"

"భట్టుగారూ," అన్నాడు మళ్ళీ, "కొత్తగా చేర్చిన మూడూ తీసేయండి. తక్కిన వాటి సంగతి భోంచేశాక చూద్దాం."

గుండన మంటపమెక్కి, నడినెత్తి ఎండనే గుర్తుగా పట్టుకుని కుడుకను మళ్ళీ నీళ్ళ మీద వదిలి, పదిహేను దెబ్బలు కొట్టాడు. ఊళ్ళో నాలుగు గుళ్ళ నుంచీ ఒక్కసారిగా గంటలు బదులు పలికాయి.

మరుసటి వారం ఒకనాటి సాయంకాలం ముప్పయ్యో గంట కొట్టి, గుండన మిట్ట మీదికి వెళ్ళాడు. వాగు ఒడ్డు నుంచి తెచ్చిన చందమకు అప్పటికే అక్కడ చోటు తీసి ఉంది. నాలుగు మతాల పెద్దలూ వచ్చారు. ఆమె వద్దంది గనుక ఎవరూ మంత్రం చదవలేదు. ఊరికే నిలబడ్డారు. జినదాసు వంగి అందరికన్నా ముందు పిడికెడు మట్టి వేశాడు.

అందరూ వెళ్ళాక పేరక్క చెంగు చాటు నుంచి ఒక ప్రమిద తీసింది. తమ్ముడి వైపు బెరుకుగా చూసింది.

"దేవుడికి కాదురా. దానికే. చీకటంటే దానికి భయం."

పడమట మబ్బు పట్టింది. వాన వాసనతో గాలి లేచి దీపాన్ని ఊపింది. గుండన మోకాళ్ళ మీద కూర్చుని రెండు అరచేతులూ దీపం చుట్టూ అడ్డం పెట్టాడు. ప్రమిదలో చమురు అయిపోయేదాకా ఆ చేతులు తీయలేదు.

ఆ ఏడు వానలు దండిగా కురిశాయట. నక్కలవాగు ఒడ్డు కోసుకుపోయిందట. మిట్ట మీది నేల మాత్రం తడిసి మరింత గట్టిపడిందని, ఈ కథ చెప్పే పెద్దవాళ్ళు చెబుతారు.